రక్తం చూడలేని వాళ్లకు ఏ హారర్ సినిమా?

అందరూ మెచ్చుకున్న ‘మసూద’ మీకు నిద్ర తెప్పించింది, ‘విరూపాక్ష’లో ఆ చావులు చూడలేక మీ ఆవిడ మధ్యలోనే లేచి వెళ్లిపోయారు, ఇద్దరూ కలిసి చూడగలిగేది కావాలన్నారు కదండీ. అయితే ‘భ్రమయుగం’ (2024) పెట్టండి. తెలుగు డబ్బింగ్ ఉంది.

మొత్తం బ్లాక్ అండ్ వైట్ కాబట్టి, రక్తం కనబడినా ఎరుపు ఉండదు. కథ పదిహేడో శతాబ్దం మలబారులో, ఒక పాడుబడ్డ ఇంట్లో. ప్రధాన పాత్రలు ముగ్గురే. దారి తప్పి వచ్చిన పాటగాణ్ణి మమ్ముట్టి పాచికలాటకు కూర్చోబెడతాడు. పందెం డబ్బు కాదు, అతని కాలం! ఆ ఆట నడుస్తున్నంతసేపూ దయ్యం ఊసే ఉండదు, అయినా టెన్షన్ మామూలుగా ఉండదు. మమ్ముట్టి నవ్వు ఒక్కటి చాలు. కొంచెం నెమ్మదిగా నడుస్తుంది, అది మాత్రం ముందే చెప్తున్నా.

‘మసూద’ సంగతంటారా, టీవీ స్పీకర్లలో సౌండ్ తగ్గించుకుని చూసుంటారు. తిరువీర్ చేసిన ఆ పిరికి గోపీ పాత్ర బిక్కుబిక్కుమనడం హెడ్‌ఫోన్స్‌తో చూస్తేనే పట్టుకుంటుంది. లైట్లు ఆపి, ఫోన్ పక్కన పడేసి సెకండాఫ్ మళ్లీ చూడండి. మీ ఆవిడను మాత్రం పిలవకండి.