పాత వ్యాన్‌ను టో బార్‌తో లాగవచ్చా?

ప్రశ్న: నా దగ్గర 1969 నాటి ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2 వ్యాన్ ఉంది. మాన్యువల్ గేర్లు. ఇంజిన్ పట్టేయడంతో మూడేళ్లుగా షెడ్డులోనే నిలిచిపోయింది. దాన్ని బాగుచేయడానికి ఒప్పుకున్న వర్క్‌షాప్ 140 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఒక మిత్రుడు తన ఎస్‌యూవీని, మరొకరు ఎప్పుడో కొని పక్కన పడేసిన టో బార్‌ను (రెండు కాళ్లను వెనక బండికి బిగించి, అవి కలిసే చోట ఉన్న కొక్కేన్ని ముందు బండి వెనక ఉండే ఇనుప బంతికి తగిలించే కడ్డీ) ఇస్తామంటున్నారు. నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి అంత దూరం లాగితే గేర్‌బాక్స్ పాడవుతుందని కొందరు భయపెడుతున్నారు. మీరేమంటారు?

జవాబు: అందరూ మిమ్మల్ని భయపెడుతున్న ఆ గేర్‌బాక్స్ గురించే నాకు అన్నింటికంటే తక్కువ దిగులు. మీ వ్యాన్‌లో గేర్లూ, శక్తిని రెండు వెనక చక్రాలకూ పంచే డిఫరెన్షియలూ ఒకే పెట్టెలో ఉంటాయి. చక్రాలు తిరిగినంతసేపూ డిఫరెన్షియల్‌లోని పెద్ద పళ్ల చక్రం నూనెలో మునిగి లేస్తూ, ఆ నూనెను చుట్టూ చిమ్ముతూ ఉంటుంది కాబట్టి, గేరు న్యూట్రల్‌లో ఉండి ఇంజిన్ తిరగకపోయినా లోపలి భాగాలు ఎండిపోవు. అయితే ఇదంతా లోపల నూనె ఉన్నప్పటి మాట. గేర్‌బాక్స్ పక్కన పైభాగంలో ఉండే బిరడాను విప్పి, ఆ రంధ్రంలోకి చిటికెన వేలు పెట్టి చూడండి. అంచు దాకా నూనె తగిలితే సరే, లేకపోతే నింపిన తరువాతే కదిలించండి. మూడేళ్లు నిలిచిన బండి గనుక నూనె ఎలా ఉందోనన్న అనుమానం తీరకపోతే మరో దారి ఉంది. 1968 మోడల్ నుంచి ఈ వ్యాన్లలో వెనక చక్రాలకు శక్తినిచ్చే షాఫ్టులు రెండు కొసల్లోనూ ఆరేసి బోల్టులతో బిగించి ఉంటాయి. వాటిని విప్పి షాఫ్టులను పూర్తిగా బయటికి తీసేస్తే గేర్‌బాక్స్ అసలు తిరగనే తిరగదు, చక్రాలు మాత్రం తమ బేరింగుల మీద తాము తిరుగుతాయి. ఒక కొసను మాత్రమే విప్పి షాఫ్టును వేలాడదీయడం మాత్రం వద్దు.

నా దిగులంతా ఆపడం గురించి. లాగడానికి కావలసింది ఇంజిన్ బలం, అది మీ మిత్రుడి బండికి ఉండే ఉంటుంది. ఖాళీగా ఉన్నా టన్ను దాటే మీ వ్యాన్, టో బార్ చివర ఉన్నప్పుడు, తన బ్రేకు తాను వేసుకోలేదు. ముందు బండి బ్రేకు వేసిన ప్రతిసారీ ఆ టన్ను బరువూ వెనక నుంచి నెడుతుంది. తిన్నని రోడ్డు మీద ఆ నెట్టుడు ఆగే దూరాన్ని పెంచుతుంది, అంతే. మలుపులో బ్రేకు వేస్తే మాత్రం బార్ ఏటవాలుగా నెట్టడంతో ముందు బండి వెనక భాగం పక్కకు జారిపోతుంది. ఇటువంటి ప్రయాణాల్లో జరిగే చెడ్డ ప్రమాదం ఇదే. అందుచేత లాగే బండి మీ వ్యాన్ కంటే స్పష్టంగా బరువైనదై ఉండాలి, దాని తయారీదారు పుస్తకంలో బ్రేకులు లేని బరువును ఎంతవరకు లాగవచ్చో రాసిన అంకెను ముందు చదవాలి. ఐరోపా నిబంధనల ప్రకారం మొత్తం బరువు 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండి తీరాలి. టో బార్‌తో లాగే బండిని కొన్ని దేశాల్లో ట్రైలర్‌గా లెక్కిస్తారు, మరికొన్నిచోట్ల చెడిపోయిన బండిని దగ్గరలోని సురక్షిత స్థలానికి చేర్చడానికే ఒప్పుకుంటారు. మీ ప్రాంతపు నిబంధన ఏమిటో బయలుదేరడానికి ముందే తెలుసుకోండి.

ఆ నెట్టుడుకు మందు, లాగబడే బండి బ్రేకు పెడల్‌ను తొక్కే పరికరం. డ్రైవరు సీటు ముందు అమర్చే ఆ పెట్టె, ముందు బండి వేగం తగ్గడాన్ని పసిగట్టి, ఒక కడ్డీతో పెడల్‌ను నొక్కుతుంది. ఇక్కడ మీ పాత వ్యాన్ కొత్త బండ్ల కంటే నయం. కొత్త బండ్లలో ఇంజిన్ ఆగిపోతే బ్రేకుకు అందే వాక్యూమ్ సాయం కూడా పోయి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే ఉన్న మీ 1969 వ్యాన్‌లో ఆ సాయమే లేదు గనుక ఇంజిన్ ఆగినా పెడల్ ఎప్పటిలాగే పనిచేస్తుంది. మూడేళ్లు నిలిచిన డ్రమ్ముల్లో లైనింగులు అంటుకుపోయి ఉండవచ్చు కాబట్టి, ముందుగా నాలుగు చక్రాలనూ జాకీ మీద లేపి చేత్తో తిప్పి చూడండి. కొక్కెం ఊడినప్పుడు తనంతట తాను బ్రేకు వేసే తెగుడు తాడు ఉన్న పరికరమైతే మరీ మంచిది.

ఇక ఆ పక్కన పడేసిన బార్ సంగతి. దాని మీద తయారీదారు అచ్చు వేసిన బరువు మీ వ్యాన్ మొత్తం బరువు కంటే ఎక్కువ ఉండాలి. అచ్చు చెరిగిపోయినా, రెండు కాళ్లు కలిసే చోట ఎవరో మళ్లీ వెల్డింగ్ చేసిన గుర్తు కనబడినా, దాన్ని ఇనుప సామాను వాడికి ఇచ్చేయండి. కొక్కెం సరిపోయే బంతి కొలత కూడా చూసుకోవాలి. ఐరోపా పద్ధతిలో బంతి 50 మిల్లీమీటర్లు, అమెరికాలో వాడే 2 అంగుళాల బంతి 50.8 మిల్లీమీటర్లు. తేడా మిల్లీమీటరు కూడా లేకపోవడంతో పెద్ద బంతి కోసం చేసిన కొక్కెం చిన్న బంతి మీద చక్కగా కూర్చున్నట్టే కనబడుతుంది, గతుకు తగిలినప్పుడు ఎగిరిపోతుంది.

బార్ కాళ్లను బంపర్‌కు బిగించడం మాత్రం ఎన్నటికీ వద్దు. బంపర్ పలుచని రేకు. లాగుడునూ నెట్టుడునూ భరించవలసింది చాసిస్ పట్టీలు. ఈ వ్యాన్లకు ముందు భాగంలో కింద తుప్పు పట్టడం మామూలే గనుక, బోల్టు పడే చోటును వైరు బ్రష్‌తో గీకి, మొండి స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. పొరలు రాలినా, మొన కొంచెం లోపలికి దిగినా మీ ప్రశ్నకు జవాబు అక్కడే దొరికినట్టు: వ్యాన్‌ను ఫ్లాట్‌బెడ్ లారీ మీద ఎక్కించి పంపండి. బిగించిన ప్రతి నట్టు మీద నుంచి బోల్టు మీదికి సన్నని గోళ్ల రంగు గీత గీయడం నా అలవాటు. ఆగిన ప్రతిచోటా వంగి చూస్తే, గీత విరిగి ఉంటే నట్టు వదులైందని పానా పెట్టకుండానే తెలిసిపోతుంది.

బార్ నేలకు సమాంతరంగా, రెండు కొసల ఎత్తులో 7 లేదా 8 సెంటీమీటర్లకు మించిన తేడా లేకుండా ఉండాలి. ముందు బండి బంతి బాగా ఎత్తులో ఉంటే, బ్రేకు వేసినప్పుడు కింద నుంచి వచ్చే నెట్టుడు దాని వెనక భాగాన్ని పైకి లేపుతుంది, సరిగ్గా పట్టు కావలసిన క్షణంలో వెనక టైర్లు తేలికైపోతాయి. రెండు గొలుసులను కొక్కెం కింద నుంచి అడ్డంగా మార్చి, వ్యాన్ వైపు కొసలను బార్‌కు కాకుండా చాసిస్‌కు తగిలించండి. కొక్కెం ఊడినా బార్ నేలను తాకకుండా ఆ అల్లికలో పడుతుంది. మలుపు తిరగడానికి సరిపడా వదులు ఉంచాలి, రోడ్డును మాత్రం రాయకూడదు.

స్టీరింగ్‌ను తాడుతో కట్టవద్దు. ముందు చక్రాలు తిరిగే కీలు కాస్త వెనక్కి వాలి ఉండటంవల్ల అవి లాగిన దిక్కుకు వాటంతట అవే తిరుగుతాయి. ఖాళీ సీటు ముందు స్టీరింగ్ తనకు తానే తిరుగుతుంటే అద్దంలో చూడటం మొదటిసారి కాస్త విచిత్రంగానే ఉంటుంది. స్టీరింగ్ తాళం ఉన్న బండి అయితే తాళంచెవిని తాళం విడిచే స్థానంలో ఉంచాలి. ముందు బాల్ జాయింట్లలోనూ స్టీరింగ్ పెట్టెలోనూ అరుగుదల ఉంటే వేగంలో చక్రాలు గజగజ వణకడం మొదలవుతుంది, చేత్తో అదిమిపట్టడానికి లోపల ఎవరూ ఉండరు గనుక అది తనంతట ఆగదు. ఆ జాయింట్ల వదులును బయలుదేరక ముందే సరిచేయించాలి.

వెనక్కి నడపడం కుదరదని లాగే మిత్రుడికి రెండుసార్లు చెప్పండి. రివర్సు గేరు వేసిన మరుక్షణం వ్యాన్ చక్రాలు ఒక పక్కకు పూర్తిగా తిరిగిపోయి, బార్ కాళ్లు వంగుతాయి. అవసరమైతే కొక్కెం విప్పి, వ్యాన్‌ను చేతులతో నెట్టుకోవాలి. దారిలో ఆగే చోట్లు కూడా ఒక వైపు నుంచి దూరి మరో వైపు నుంచి బయటపడగలిగేవిగా ఎంచుకోండి.

టైర్లు చూడటానికి కొత్తగా ఉన్నా మోసపోవద్దు. పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారపు గడిలో ఉండే నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. 2314 అంటే 2014లో 23వ వారం. మూడంకెలే ఉంటే ఆ టైరు 2000కు ముందుది, దానితో షెడ్డు దాటకండి. బయలుదేరే ముందు గేరు కడ్డీ న్యూట్రల్ నుంచి జారకుండా కట్టి, హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దిగిందో లేదో చూడండి. ఒకసారి నేను ఒక్క పన్ను మిగిల్చి బయలుదేరి, పది కిలోమీటర్లకే కమురు వాసనతో ఆగవలసి వచ్చింది. ఖాళీ మైదానంలో ఎడమకూ కుడికీ నిదానంగా సున్నాలు చుట్టి, బార్ ఎక్కడైనా తగులుతోందేమో చూసిన తరువాతే రోడ్డెక్కండి. మొదటి 15 కిలోమీటర్లకు ఆగి, నాలుగు చక్రాల మధ్యభాగాన్ని చేత్తో తాకి చూడాలి. గోరువెచ్చగా ఉంటే సరే; ఒకటి మాత్రం చేయి పెట్టలేనంత కాలుతుంటే అక్కడ బేరింగో బ్రేకో పట్టేస్తోంది. వేగం గంటకు 60 కిలోమీటర్లు దాటనివ్వకండి. 60 నుంచి 80కి పెంచితే వేగం మూడో వంతే పెరిగినట్టు కనబడుతుంది గానీ, బ్రేకులు మింగవలసిన శక్తి దాదాపు 1.8 రెట్లు అవుతుంది.

ప్రశ్న: మా పాత వ్యాన్‌కు ఇంజిన్ ముందు, శక్తి వెనక చక్రాలకు. మాన్యువల్ గేర్లే. మేమూ న్యూట్రల్‌లో పెట్టి లాగవచ్చా?

జవాబు: కొద్ది దూరమైతే సరే, ఎక్కువ దూరం వద్దు. చాలా వరకు ఇటువంటి గేర్‌బాక్స్‌లలో నూనెను పైకి చిమ్మేది కింది షాఫ్టు, దాన్ని తిప్పేది ఇంజిన్. న్యూట్రల్‌లో లాగినప్పుడు చక్రాల వైపు షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది, కింది షాఫ్టు మాత్రం కదలదు. పై బేరింగులు పొడిగానే తిరుగుతూ కాలిపోతాయి. వెనక యాక్సిల్‌కు వెళ్లే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టును విప్పేయడమే క్షేమం. విప్పే ముందు ఫ్లాంజుల (షాఫ్టు కొసను బోల్టులతో కలిపే పళ్లేల) మీద రంగుతో ఒక గుర్తు పెట్టుకుంటే, మళ్లీ అదే స్థానంలో బిగించి అదురు రాకుండా చూసుకోవచ్చు. షాఫ్టు గేర్‌బాక్స్‌లోకి జారి కూర్చునే రకమైతే ఆ రంధ్రానికి బిరడా పెట్టకపోతే నూనె కారిపోతుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్నవారికి ఇది మరింత ముఖ్యం, ఎందుకంటే అందులో నూనెను తోడే పంపు ఇంజిన్‌తోనే తిరుగుతుంది.

ప్రశ్న: నాది 1963 నాటి వ్యాన్, 6 వోల్టుల కరెంటు. వెనక దీపాలను ముందు బండి వైరుకు కలపవచ్చా?

జవాబు: కలపవద్దు. ముందు బండి ఇచ్చేది 12 వోల్టులు. మీ బల్బులు ఒక్కసారి మెరిసి మాడిపోతాయి. బ్రేకు దీపాలు, ఇండికేటర్లు, నంబరు పలక కలిసి ఉన్న విడి దీపాల పలకను వ్యాన్ వెనక కట్టి, దాని వైరును ముందు బండి ప్లగ్గుకు నేరుగా పెట్టండి. ఆ వైరు వ్యాన్ కింద వేలాడకుండా, తలుపుల్లో నలగకుండా చూసుకోవాలి.

ప్రశ్న: లాగేటప్పుడు వ్యాన్‌లో ఒకరు కూర్చుని స్టీరింగ్, బ్రేకు చూసుకుంటే మంచిది కదా?

జవాబు: తాడుతో లాగేటప్పుడు మనిషి ఉండి తీరాలి. టో బార్‌తో లాగేటప్పుడు ఎవరూ ఉండకూడదు. బార్ ఒక వైపుకు తిప్పుతుంటే లోపలి మనిషి భయంతో మరో వైపుకు తిప్పవచ్చు, అప్పుడు ఆ పోట్లాట భారమంతా బోల్టుల మీద పడుతుంది. అతను బ్రేకు తొక్కిన సంగతి ముందు డ్రైవరుకు తెలియదు. వ్యాన్‌లో సామాను కూడా ఉంచకండి, తలుపులకు తాళాలు వేయండి, పైకి తెరుచుకునే కప్పు ఉంటే పట్టీతో బిగించండి, పెట్రోలు కారే అవకాశం లేకుండా చూడండి. తోడు వచ్చే మనిషిని ముందు బండిలో డ్రైవరు పక్కన కూర్చోబెట్టి, అద్దంలో వ్యాన్‌ను కనిపెట్టుకుని ఉండమనండి.