కోటి అడిగే ముందు లెక్క చూసుకో

చిరంజీవి మేనల్లుడికి,

నువ్వు పంపిన కాగితాలు చదివాను. ఒంగోలు కంపెనీ మీద కోటి రూపాయలకు దావా వేద్దామన్నావు. కోటి ఎలా వచ్చిందో ఒక్క కాగితంలోనూ లేదు. కోపంలో వేసిన అంకె జడ్జిగారి మొదటి ప్రశ్నకే కూలిపోతుంది.

అగ్రిమెంట్ గడువు తీరిన తేదీ దగ్గర లెక్కని రెండు ముక్కలు చెయ్యి. ఆ తేదీ దాకా నీ బ్రాండు పేరుతో మినరల్ మిక్స్ (రొయ్యల గుంటల్లో వేసే ఖనిజాల పొడి) అమ్ముకునే హక్కు వాళ్లకుంది. పేరు వాడుకున్నందుకు అమ్మకం మీద నీకు రావాల్సింది 5 శాతం రాయల్టీ. వాళ్లు చూపింది 40 లక్షల అమ్మకం, డీలర్ల బిల్లులు కూడితే 60 లక్షలు. దాచిన 20 లక్షల మీద లక్ష రూపాయలు. అది ఉత్త బాకీ, బిల్లులు నిలబడితే వసూలవుతుంది.

గడువు తర్వాత అమ్మిన సరుకు సంగతి వేరు. నీ బ్రాండు పేరు ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టరైంది కాబట్టి 1999 ట్రేడ్‌మార్క్ చట్టం 135వ సెక్షన్ కింద నీకు జరిగిన నష్టమైనా అడగొచ్చు, వాళ్లకొచ్చిన లాభమైనా అడగొచ్చు. రెండూ కుదరవు. నష్టం అడిగితే, గడువు తర్వాతి 30 లక్షల అమ్మకం మీద రాయల్టీ కడితే లక్షన్నర. ఖర్చులు 24 లక్షలనుకుంటే వాళ్ల లాభం 6 లక్షలు. నాకు రెండో దారే నచ్చుతుంది, కానీ వాళ్ల పుస్తకాలు, జీఎస్టీ రిటర్నులు కోర్టు ద్వారా తెప్పించి చూశాకే తేల్చుకో.

నీ లెక్కలో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఇందుకూరుపేట డీలర్ పద్దు. అతను నీ దగ్గర కొనడం మానేసిన బస్తాల మీద పోయిన లాభం ఒక పేజీలో ఉంది. అవే బస్తాలు ఒంగోలు వాళ్లు అమ్మారని, వాటి మీద రాయల్టీ ఇంకో పేజీలో ఉంది. ఒకే బస్తాకి రెండుసార్లు డబ్బులా? అవతలి వకీలు ఇది పట్టుకున్నాడంటే నీ నిజమైన పద్దుల్ని కూడా నమ్మరు.

అమ్మకాలు తగ్గిందంతా వాళ్ల వల్లే అనకు. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరాక మన రొయ్యల గుంటల వాళ్లు ఎంత వెనక్కి తగ్గారో నీకు నాకంటే బాగా తెలుసు. 1872 కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ అగ్రిమెంట్ ఉల్లంఘన వల్ల మామూలుగా వచ్చే నష్టాన్నే ఇప్పిస్తుంది, దూరపు నష్టాల్ని కాదు. నష్టం తగ్గించుకోవడానికి నువ్వు వేరే తయారీదారుని వెతుక్కున్నావా అని కూడా అడుగుతారు. ఆ ఉత్తరాలు జాగ్రత్తగా దాచు.

ఉల్లంఘిస్తే 25 లక్షలని అగ్రిమెంట్‌లో రాసుకున్నాం కదా అంటావు. అదే చట్టం 74వ సెక్షన్ ప్రకారం అది పైహద్దు మాత్రమే. దానికి లోబడి కోర్టు సమంజసమనుకున్నంతే ఇప్పిస్తుంది. నష్టం రుజువు చేయగలిగినచోట రుజువు చేయాల్సిందేనని సుప్రీంకోర్టు 2015లో కైలాష్ నాథ్ కేసులో చెప్పింది.

మొత్తం 3 లక్షలు దాటితే కమర్షియల్ కోర్టు పరిధి. అర్జెంటుగా స్టే, అంటే అమ్మకం ఆపించే ఉత్తర్వు, అడగాల్సిన పని లేకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లక తప్పదు. వాళ్లు ఇప్పటికీ నీ పేరుతో అమ్ముతున్నారా? ఈ వారంలోనే ఒక బస్తా బిల్లుతో సహా కొనిపించి, బిల్లు ఫొటో నాకు పంపు. స్టే అడగాలా వద్దా అన్నది దాన్ని బట్టే వకీలు గారితో మాట్లాడతాను.

మీ మామయ్య, నెల్లూరు