భూమి అమ్మిన పైసలు బాబు పేరు మీద వేయాల్నా?

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గర పల్లె. మా నాయిన బొంబాయిల మట్టిపని చేసి నిలబెట్టిన రెండెకరాలు పోయినేడు అమ్మితే కోటీ 70 లక్షలు వచ్చినయి. 40 లక్షలు మా బాబు ఖాతాల వేసిన. వానికి 22 ఏండ్లు. డిగ్రీ బంద్ చేసిండు, కారు కొన్నడు, ఎనుక దోస్తులు. మొన్న హోటల్‌ల చాయ్ తెచ్చిన పిల్లగాన్ని నలుగురి ముంగట "నీ జీతమెంతరా?" అని నవ్విండు. మిగిలిన పైసలు గూడ వాని పేరు మీద వేస్తే బాధ్యత తెలుస్తదంటున్నరు. వేయాల్నా?

జవాబు: వద్దండి. ఒక్క రూపాయి కూడా వేయకండి.

చాయ్ పిల్లగాని ముచ్చట చదివి చాలాసేపు ఆగిపోయాను. బొంబాయిలో మీ నాన్నగారి కూలి ఎంతో బాబుకు ఎప్పుడైనా చెప్పారా? ఆ 40 లక్షలు అతనికి ఫోన్లో మోగిన ఒక మెసేజ్, అంతే. దాని వెనక ఉన్న చెమట అతనికి కనబడలేదు. తప్పు బాబు ఒక్కడిదే అనలేను.

మిగిలిన డబ్బు మీ భార్యాభర్తల పేర్ల మీదే ఉండాలి, ఇద్దరి సంతకాలుంటేనే తీసేలా. అంతా ఒకే బ్యాంకులో పెట్టకండి. బ్యాంకు మునిగితే, ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే బీమా. పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో జంటగా 15 లక్షలు పెట్టవచ్చు. 60 నిండితే సీనియర్ సిటిజన్ పథకంలో ఒక్కొక్కరు 30 లక్షల దాకా పెట్టవచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది. భూమి మున్సిపాలిటీ హద్దుకు దగ్గరైతే పన్ను పడవచ్చు, ఆడిటర్‌కు కాగితాలు చూపించండి.

బాబు ఖాతాలోది చట్టప్రకారం అతనిదే, గుంజుకోలేరు. ఏడాది స్టేట్‌మెంట్ తీయించి, చుట్టాలెవరూ లేనప్పుడు వాళ్లమ్మ పక్కన కూర్చోబెట్టుకొని అతని చేతనే చదివించండి. బెట్టింగ్ యాప్‌లకు పోయినవి ఉంటే అక్కడే బయటపడతాయి. కొట్టకండి, తిట్టకండి. అప్పులు చేసి ఉంటే మాత్రం అతనికి చెప్పకుండా మీరు కట్టకండి.

పెళ్లి చేస్తే దారికొస్తడనేవాళ్ల మాట అసలు వినకండి. ఆ వచ్చే పిల్ల ఏం పాపం చేసింది?

చదువు మళ్లీ మొదలుపెడితే ఫీజు మీరు కట్టండి. లేదా మీ దగ్గరి పోలేపల్లి సెజ్ కంపెనీల్లోనో, ఇంకెక్కడో పనికి పోనీయండి. నెలకు 15 వేలు తెస్తే, మీరూ ఇంకో 15 వేలు అతని పేరున రికరింగ్ డిపాజిట్‌లో కట్టండి. కారు ఉండనీయండి. డీజిల్ మాత్రం అతని జీతంతోనే పోయించుకోవాలి.