రెండు ఒడ్డుల లెక్క

సీతమ్మధార, విశాఖపట్నం

చిరంజీవి సుజాతకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన రెండు ఉద్యోగాల కాగితాలూ చదివాను. కెనడాలోని టొరంటో కంటే అమెరికాలోని డెట్రాయిట్‌లో జీతం బాగా ఎక్కువ కాబట్టి అటే మొగ్గుతున్నామని రాశావు. పోర్టు లెక్కల విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసినవాడిగా చెబుతున్నాను తల్లీ, జమ ఒక్కటే చూసి ఖాతా మూసేయకూడదు. ఖర్చు పేజీ కూడా తిప్పి చూడాలి. అందులో పెద్ద పద్దులు మొదటి ఏడాది కనిపించవు.

మా అబ్బాయి డెట్రాయిట్ శివార్లలో, అమ్మాయి కెనడా వైపు విండ్సర్‌లో ఉన్న సంగతి నీకు తెలుసు. మధ్యలో ఒక్క నది. 1929లో కట్టిన అంబాసిడర్ వంతెన దాటితే దేశం మారిపోతుంది. చలీ మంచూ రెండు ఒడ్డులకూ ఒకటే కనుక వాతావరణాన్ని లెక్కలోంచి తీసేయ్. విండ్సర్‌లో కాపురం ఉంటూ రోజూ సరిహద్దు దాటి డెట్రాయిట్ ఆసుపత్రులకు వెళ్లే నర్సులు ఎంతోమంది. సంపాదన ఆ ఒడ్డున, సంసారం ఈ ఒడ్డున ఎందుకు పెట్టుకున్నారో ఆలోచించు.

మూడేళ్ల కిందట నేను అబ్బాయి ఇంట్లో ఉండగా మనవడు సైకిల్ మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. వైద్యం చక్కగా, త్వరగా చేశారు. ఆ తర్వాత మూడు నెలలపాటు కవర్లు వచ్చాయి. ఆసుపత్రిది ఒకటి, డాక్టరుది ఒకటి, ఎక్స్‌రే చూసినవారిది మరొకటి. బీమా ఉంది. కానీ ఏటా కొంత మొత్తం మన జేబులోంచి కట్టాకే అది పనిచేయడం మొదలుపెడుతుంది. వంటింటి బల్ల మీద కవర్లన్నీ తేదీల వారీగా పరిచి, ఫోను చెవికి ఆనించుకుని, ఎర్ర పెన్నుతో ఒక్కో అంకె కింద గీత గీస్తున్న కోడలి మొహం నేను మరచిపోలేను.

మరుసటి వేసవిలో విండ్సర్‌లో మనవరాలికి అర్ధరాత్రి జ్వరం ముంచుకొచ్చింది. అక్కడి రాష్ట్రం ఆంటారియో ఇచ్చే ఆరోగ్య కార్డు చూపించి, కుర్చీల్లో అయిదు గంటలు కూర్చుని, చూపించుకుని వచ్చాం. బిల్లు రాలేదు. వైద్యపరంగా అవసరమైన డాక్టరు, ఆసుపత్రి సేవలకు రోగి దగ్గర విడిగా డబ్బు వసూలు చేయకుండా 1984 నాటి కెనడా ఆరోగ్య చట్టం కట్టడి చేసింది. అలాగని అంతా ఉచితమనుకోకు. పళ్ల వైద్యానికీ బయట కొనే మందులకూ చాలామంది కంపెనీ బీమా మీదే ఆధారపడతారు. మా అమ్మాయికి ఫ్యామిలీ డాక్టరు దొరకడానికే ఏడాదిన్నర పట్టింది. మోకాలి ఆపరేషన్ లాంటివాటికి నెలల తరబడి ఆగాలి. అయినా నన్నడిగితే ఆ కుర్చీలే నయం. కవర్ల భయం పట్టుకుంటే మనిషి డాక్టరు దగ్గరికి వెళ్లడమే వాయిదా వేస్తాడు.

నాకు ఎక్కువ దిగులు వీసా గురించి. నీకు లాటరీలో అమెరికా ఉద్యోగ వీసా హెచ్-1బి వచ్చింది, సంతోషం. దాని గడువు మామూలుగా ఆరేళ్లు. గ్రీన్‌కార్డు పని ముందుకు కదిలితే పొడిగిస్తారు గానీ, ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ ఏటా 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న నియమం వల్ల మనవాళ్ల వరుస దశాబ్దాల పొడవు సాగుతోంది. ఈలోగా ఉద్యోగం పోతే సాధారణంగా ఉండే గడువు 60 రోజులు. గ్రీన్‌కార్డు పని ఒక దశ దాటేదాకా అల్లుడు గారు అక్కడ ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఆయన ఇంట్లో ఖాళీగా కూర్చునే ఆ ఏళ్ల జీతాన్ని నువ్వు లెక్కలో వేయనే లేదు. కెనడా పీఆర్, అంటే శాశ్వత నివాస హక్కు, మీ ఇద్దరి చేతిలో ఇప్పటికే ఉంది. దిగిన మర్నాటి నుంచే ఇద్దరూ పని వెతుక్కోవచ్చు. అయిదేళ్లలో 1,095 రోజులు అక్కడ ఉంటే పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ముందు డెట్రాయిట్ చూసి తర్వాత కెనడా చూద్దామనుకుంటే మాత్రం, అయిదేళ్లలో 730 రోజులు కెనడాలో గడపకపోతే ఆ పీఆర్ చేజారే ప్రమాదం ఉంది.

పిల్లల సంగతి మీ ఇద్దరి ఇష్టం. అమెరికా కేంద్ర చట్టం ఇచ్చేది 12 వారాల సెలవు, అదీ జీతం లేకుండా. మంచి కంపెనీలు అంతకంటే ఎక్కువే ఇస్తాయి, కాబట్టి నీ ఆఫర్ కాగితంలో ఏముందో వెతుకు. కెనడాలో ఉద్యోగ బీమా నుంచి దాదాపు ఏడాదిపాటు జీతంలో కొంత భాగం వస్తుంది.

ఇళ్ల విషయంలో నీ మాటే నిజం. అబ్బాయి ఇంటి లాంటిది టొరంటోలో కొనాలంటే రెండింతలు పెట్టినా కష్టమే. పన్ను కూడా కెనడాలోనే ఎక్కువ కోస్తారు. అందుకే టొరంటో అద్దె, పన్ను, రాకపోకల ఖర్చు కలిపి ఏడాది లెక్క వేసి పంపు. అక్కడ బాగా స్థిరపడ్డవారిని కాదు, ఈ మధ్యే ఉద్యోగం పోయినవారిని ఒకరిని, ఈ మధ్యే పురుడు పోసుకున్నవారిని ఒకరిని రెండు వైపులా అడుగు.

నిన్న సాయంత్రం మీ నాన్నా నేనూ బీచ్ రోడ్డులో నడుస్తున్నాం. "అన్నయ్యా, సుజాత దగ్గరికి వెళితే ఎన్నాళ్లు ఉండనిస్తారు?" అని అడిగాడు. అమెరికాలో అయితే సాధారణంగా ఒక్కోసారికి ఆరు నెలలు, కెనడాలో తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద ఒకేసారి అయిదేళ్ల వరకు, కాకపోతే ఆరోగ్య బీమా మనమే కొనుక్కోవాలని చెప్పాను. కాళీమాత గుడి వచ్చేదాకా వాడు మళ్లీ ఏమీ మాట్లాడలేదు.

ఆశీస్సులతో,
పెదనాన్న