మార్పు వస్తుందా, జరుగుతుందా, చెందుతుందా?

సందేహం: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. వరిచేలను చెరువులుగా తవ్వేస్తున్నారని ఊరందరి తరఫునా ఒక అర్జీ రాశాను. అందులో 'మా ఊరి భూముల్లో పెద్ద మార్పిడి జరిగింది' అన్నాను. రిటైరైన మాష్టారొకాయన చూసి 'మార్పిడి కాదు, మార్పు' అని దిద్దారు. మా అబ్బాయి 'మార్పు సంభవించింది అంటే బాగుంటుంది నాన్నా' అంటున్నాడు. ఇంగ్లీషులో ఛేంజ్ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మనకేమో ఇన్ని మాటలు. ఏది ఎక్కడ వాడాలి? మార్పు వస్తుందా, జరుగుతుందా, చెందుతుందా? 'మార్పుచేర్పులు' కలిపి రాయాలా, విడిగానా?

సమాధానం: మాష్టారు దిద్దింది సబబే. మార్పిడి అంటే ఒకటి ఇచ్చి ఇంకొకటి పుచ్చుకోవడం, లేదా ఒకటి తీసేసి ఆ చోట ఇంకొకటి పెట్టడం. వస్తుమార్పిడి, నోట్ల మార్పిడి, కిడ్నీ మార్పిడి అన్నీ ఇలాంటివే. పిల్లనిచ్చిన ఇంటి నుంచే పిల్లను తెచ్చుకుంటే కుండమార్పిడి పెళ్ళి. వరి వేసిన చేలోనే వరి కోశాక మినుమో పెసరో చల్లితే పంట మార్పిడి. అసలు 'మారు' అన్న మాటకే 'ఇంకొకటి' అన్న అర్థం ఉంది. మారుపేరు, మారుతల్లి, మారుబేరం, విందులో మారు వడ్డన... వీటన్నిటిలోనూ అదే. మార్పిడి ఆ అర్థాన్ని గట్టిగా పట్టుకుని కూర్చుంది. అందుకని 'భూముల్లో మార్పిడి' అంటే గట్టుపక్క రైతులిద్దరు 'నీ చెక్క నాకు, నా చెక్క నీకు' అని రాసుకున్నారేమో అనిపిస్తుంది. ఆఫీసు కాగితాల్లో 'భూమి మార్పిడి' అన్న మాట పాతుకుపోయింది కాబట్టి ఆ కాగితాన్ని ఎత్తి రాసేటప్పుడు దాన్ని అలాగే ఉంచండి. మీ సొంత వాక్యంలో వద్దు.

మీ అబ్బాయి చెప్పిన 'సంభవించింది' పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది. పేపర్లు ఆ మాటను ప్రమాదాలకూ మరణాలకూ భూకంపాలకూ వాడి వాడి దానికి అశుభం అంటించాయి. మీ అర్జీ సంగతి కూడా అశుభమే కదా అంటారేమో! అయినా భూకంపం వచ్చినట్టు చెరువులు వాటంతటవి పడలేదు, మనుషులు తవ్వారు. తవ్విన చెయ్యి కనబడకుండా చేసే క్రియ అర్జీకి పనికిరాదు.

అసలు చిక్కంతా మార్పు పక్కన వచ్చే క్రియతోనే. తీర్చు నుంచి తీర్పు, కూర్చు నుంచి కూర్పు, ఓర్చు నుంచి ఓర్పు వచ్చినట్టే మార్చు నుంచి మార్పు. రూపం ప్రకారం ఇది ఎవరో చేసే పని. వాడుకలో మాత్రం దానంతటది జరిగేదానికీ ఇదే మాట సరిపోయింది. దాంతో చేసినవాళ్ళున్నారా లేరా అన్నది పక్కనున్న క్రియే చెప్పాల్సి వస్తుంది. కాలువలకు నీళ్ళు వదిలే తేదీలో అధికారులు మార్పు చేశారు అంటాం, అది వాళ్ళ చేతిలో ఉన్న పని కాబట్టి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా జీవితంలో పెద్ద మార్పు వచ్చింది. కాటన్ ఆ మార్పు తెచ్చాడు అనవచ్చు. 'మార్పు చేశాడు' అంటే మాత్రం ఏదో లెక్కల పుస్తకంలో అంకె దిద్దినట్టుంటుంది. 'చెందు' స్థితి మారడానికి సంబంధించింది, ముందు 'గా' ఉంటే బాగా అతుకుతుంది: నీరు ఆవిరిగా మార్పు చెందుతుంది. సైన్సు పుస్తకం దాటి బయటికొస్తే నీరు ఆవిరవుతుంది, అంతే. 'మార్పు జరిగింది' తప్పు కాదు గానీ చప్పగా ఉంటుంది. 'మార్పు చేయబడింది' సంగతి నేను మాట్లాడను.

చాలాచోట్ల ఈ నామవాచకాన్ని మోసుకు తిరగాల్సిన పనే లేదు. 2015లో రాజమండ్రి పేరును రాజమహేంద్రవరంగా మార్చారు. 2022 ఏప్రిల్‌లో పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం ఏలూరు నుంచి భీమవరానికి మారింది. 'జిల్లా కేంద్రం విషయంలో మార్పు చోటు చేసుకుంది' అని రాసేవాళ్ళున్నారు. మారింది అంటే పోయేదానికి అంత ఆయాసం ఎందుకో!

మారు, మార్చు అన్న ఈ రెండు క్రియల మధ్య మన చెవి పట్టే తేడా చూడండి. నిడదవోలులో రైలు మారతాం. ఇల్లు మారతాం, నాయకులు పార్టీ మారతారు. రైలుకీ ఇంటికీ పార్టీకీ ఏమీ కాలేదు, ఒకదాన్ని వదిలి ఇంకొకదాంట్లోకి వెళ్ళింది మనమే. అదే బల్బు మారుస్తాం, టైరు మారుస్తాం. ఇక్కడ మనం కదల్లేదు, వస్తువును తీసి వేరేది పెట్టాం. చొక్కా మన ఒంటి మీదిది కాబట్టి 'మార్చుకుంటాం'. పిల్లవాడు బడి మారతాడు, తండ్రి వాణ్ణి బడి మారుస్తాడు. ఇది ఏ వ్యాకరణం చదవకుండానే మీ ఊళ్ళో ప్రతివాళ్ళకీ వచ్చు. కలం పట్టుకోగానే మర్చిపోతాం.

ఇంకో సంగతి నాకు ఎప్పుడూ సరదాగా ఉంటుంది. 'మావాడిలో మార్పొచ్చిందండీ' అంటే తల్లి సంతోషిస్తోందని అర్థం. పేకాట మానేశాడో, పుస్తకం పట్టాడో. 'పెళ్ళయ్యాక మావాడు మారిపోయాడండీ' అంటే ఆవిడ కళ్ళొత్తుకుంటోంది. ధాతువు ఒకటే, ఒకటి మెప్పు, ఇంకొకటి ఫిర్యాదు. 'మీరేం మారలేదండీ' అంటే మళ్ళీ మెప్పే. ఆసుపత్రిలో 'ఏమన్నా మార్పుందా డాక్టరుగారూ' అని అడిగేవాళ్ళు గుణం కనిపించిందా అనే అడుగుతున్నారు. 'మార్పేం లేదమ్మా' అని ఆయన అంటే గుండె జారిపోతుంది. ఇంగ్లీషు మాట పక్కన 'మార్పు' అని ఒక్క అర్థం రాసి ఊరుకునే నిఘంటువుల్లో ఇవేవీ దొరకవు.

మిగతా మాటలు క్లుప్తంగా. పరిణామం అంటే పాలు పెరుగైనట్టు వస్తువే వేరే రూపు దాల్చడం. వేదాంత గ్రంథాల్లో పరిణామవాదానికి ఇచ్చే ఉదాహరణ కూడా అదే. ఇప్పుడు పేపర్లలో 'తాజా పరిణామాలు' అంటే జరిగిన సంగతులు, 'తీవ్ర పరిణామాలు' అంటే రాబోయే ముప్పు. పరివర్తన మనసుకు సంబంధించింది, అదీ మంచివైపే. వికారం కూడా సంస్కృతంలో మార్పే. తెలుగులో 'వికారంగా ఉంది' అంటే పక్కవాళ్ళు నిమ్మకాయ తెస్తారు. కోనసీమ నుంచి కువైట్ వెళ్ళినవాళ్ళు పంపే దినార్లను రూపాయల్లోకి లెక్కగట్టేది మారకపు విలువ. నరసాపురం రేవులో గోదావరి దాటించే పడవ, అదే సఖినేటిపల్లి పంటు, ఎక్కబోతూ అయిదొందల నోటు ఇస్తే టికెట్ అబ్బాయి అడిగేది 'చిల్లర'. 'ఛేంజ్ లేదాండీ' అన్నా నేను తప్పు పట్టను, అది అందరి నోటా నలిగిన మాటే.

మీ అర్జీకి నా సలహా: మార్పు, మార్పిడి రెండూ తీసేయండి. 'మా ఊళ్ళో వరిచేలు చెరువులైపోతున్నాయి. తవ్వనివాళ్ళ చేలల్లో కూడా ఉప్పు ఊరుతోంది' అని రాయండి. ఎన్ని ఎకరాలో, ఏ కాలువ కింద ఉన్నాయో ఆ వెంటనే చేర్చండి.

మార్పుచేర్పులు ద్వంద్వ సమాసం, కలిపి రాయాలి. 'మార్పులు, చేర్పులు' అని విడదీస్తే రెంటికీ బహువచనం పెట్టాలి. 'మార్పు చేర్పులు' అని మధ్యలో ఖాళీ వదిలేయడం మాత్రం కుదరదు.