బాపమ్మ కళ్ళల్లో గుడ్లగూబ

చిరంజీవికి,

నీ కథ మొన్న చేరింది. రెండుసార్లు చదివాను. రెండుసార్లూ నాలుగో పేజీ దగ్గరే ఆగిపోయాను.

ఎప్పుడో మరిది పొలం కాగితం మీద వేయించుకున్న వేలిముద్ర దేనికో మీ బాపమ్మకు, మా వైపు మాటలో నాయనమ్మకు, తెలిసిన రోజది. కాగితం పక్కన పెట్టి ఆమె ఒకే మాటంటుంది: "ఇన్నేండ్లకు ఎరుకైంది బిడ్డా." అక్కడ నాకు గొంతు పట్టేసింది. ఆ వెంటనే నువ్వు రాసింది చూడు: "ఆ క్షణాన బాపమ్మకు జ్ఞానోదయమైంది. గుడ్లగూబలా వివేకం నిండిన కళ్ళతో నా వైపు చూసింది." నీ కాగితాలు బల్ల మీద పడేసి లేచి వెళ్ళిపోయాను. అంత కోపం వచ్చింది.

ఇంగ్లీషులో గుడ్లగూబ జ్ఞాని. దానికి కారణముంది. అది గ్రీకుల జ్ఞానదేవత ఎథీనా పక్షి. ఏథెన్స్ వాళ్ళు వెండి నాణేల మీద దాని బొమ్మ వేసుకున్నారు. ఇవాళ గ్రీసులో ఒక యూరో నాణెం మీద కూడా ఆ పాత బొమ్మే ఉంది. రెండున్నర వేల ఏళ్ళ చుట్టరికం అది. మన పల్లెల్లో అదే పక్షి ఇంటి మీద వాలితే కీడని శాంతి చేయించేవాళ్ళు. ఆ నమ్మకం తప్పే, పక్షి ఏ పాపమూ చేయలేదు. కానీ మీ బాపమ్మ ఆ నమ్మకంలోనే పెరిగింది. ఆమె కళ్ళల్లో గుడ్లగూబను పెడితే ఆమె ఒప్పుకుంటుందా? వెళ్ళి అడిగి చూడు.

ఆరో పేజీలో "నాకు నాణెం పడింది" అన్నావు. డబ్బులు వేస్తే పనిచేసే యంత్రంలో ఇరుక్కున్న పెన్నీ కాసేపటికి కిందికి జారడం నుంచి పుట్టిన ఇంగ్లీషు పలుకుబడి అది, ఆలస్యంగా అర్థమైందని చెప్పడానికి. ఆ యంత్రం మన వీధుల్లో లేదు. నీ వాక్యం చదివినవాడు నేల మీద నాణెం కోసం వెతుక్కుంటాడు. అదే నీ స్నేహితురాలు "వాడొట్టి ట్యూబ్‌లైట్" అంటుందే, దాన్ని మాత్రం ముట్టుకోకు. స్విచ్ వేశాక మిణుకు మిణుకుమంటూ ఆలస్యంగా వెలగడం మన ఇళ్ళల్లో అందరం చూశాం. "కళ్ళ పొరలు రాలాయి" అన్నదీ ఉండనివ్వు. దమస్కు దారిలో చూపు పోయిన సౌలుకు మళ్ళీ చూపొచ్చిన ఘట్టంలోది అది. తెలుగు బైబిల్లో పొరలనే ఉంది. మా గుంటూరు వైపు చర్చిల్లో తరతరాలుగా విన్న మాట, మనదైపోయింది. బయటి మాట రావద్దని కాదమ్మా నేను చెప్పేది, వచ్చి ఇక్కడ కాపురం చేసిందా లేదా అని చూడమంటున్నాను.

ఎన్‌లైటెన్‌మెంట్‌కి సరైన తెలుగు మాట ఏదని అడిగావు. ముందు ఏ ఎన్‌లైటెన్‌మెంటో చెప్పు. 1784లో జర్మన్ తత్వవేత్త కాంట్ వ్యాసం రాసి వివరించినదా? అది మనిషి ఇంకొకరి బుద్ధి మీద ఆనుకోవడం మానేసి తన బుద్ధిని తాను వాడుకోవడం. దాన్ని పాఠ్యపుస్తకాల్లో రాసినట్టే జ్ఞానోదయ యుగం అను, నాకు పేచీ లేదు. బుద్ధుడిదైతే అందులో వెలుగు లేనేలేదు. బోధికి ధాతువు బుధ్, అంటే మేలుకోవడం. ఇంగ్లీషు అనువాదకులు దాన్ని వాళ్ళ వెలుగు మాటతో చెప్పారు, మనం వాళ్ళ దగ్గర్నుంచి తిరిగి తెచ్చుకున్నాం. అమరావతి తొలినాటి శిల్పులు ఆ ఘట్టాన్ని ఎలా చెక్కారో తెలుసా? చెట్టు, దాని కింద ఖాళీ ఆసనం. బుద్ధుడి బొమ్మే లేదు.

ఆ బోధి మన ఇళ్ళల్లోనే ఉంది. "లెక్క బోధపడిందా?" అని పిల్లవాణ్ణి అడుగుతాం కదా, అదే. అంత పెద్ద మాట అంత చనువుగా మన నోట్లో తిరుగుతుంటే నీకు జ్ఞానోదయం ఎందుకు? "ఇప్పటికైనా జ్ఞానోదయమైందా?" అని దెప్పడానికే వాడి వాడి దాన్ని అరగదీశాం. పైగా వెలుగు కావాలంటే తెలివిలో ఉంది. తెలుపు, తెల్లవారడం, తెలియడం, తెలివి, అన్నీ ఒక్క వేరు నుంచి మొలిచినవి. ఇంగ్లీషువాళ్ళ వైజ్, విట్ మన విద్యకూ వేదానికీ చుట్టాలు. అక్కడ మూలం చూడటమంటారు. మనకు తెలియడమంటే తెల్లవారడం.

ఈ తెలివి విషయంలో నాకో పాత గాయం ఉంది. 1983లో ఒక వారపత్రికకు కథ పంపాను. అందులో తల్లి నూతి దగ్గర కళ్ళు తిరిగి పడిపోతుంది. మొగుడు చేస్తున్న మోసం అంతకుముందే ఆమె చెవిన పడి ఉంటుంది. చివరి వాక్యం "అమ్మకు తెలివొచ్చింది." ఆ ఒక్క మాటలో రెండర్థాల కోసం నేను పదకొండు సార్లు తిరగరాశాను. సంపాదకుడు అది మోటు మాటని కొట్టేసి "అమ్మకు స్పృహ వచ్చింది" అని అచ్చేశాడు. కథ చచ్చిపోయింది. రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఏడాది పాటు ఇంకో కథ రాయలేకపోయాను. ఇన్నేళ్ళయినా ఆ సంచిక నా బీరువాలో ఉంది, తెరవను.

నువ్వు ఆ సంపాదకుడు చేసిన పనే నీ కథకు నువ్వే చేసుకున్నావు. బాపమ్మ చెప్పేసింది. ఎరుకైంది అంది. అది చాలదని పక్కన నిలబడి జ్ఞానోదయమని అనువాదం చేశావు. నీకు ఇంగ్లీషు రావడం నాకు సంతోషమే. ఆ ఇంగ్లీషు బాపమ్మ నోటికి అడ్డం రావడమే బాధ.

కథలో ఎపిఫనీ, అంటే పాత్రకు ఉన్నట్టుండి అసలు సంగతి తెలిసొచ్చే ఘట్టం, కుదిరిందా అని కూడా అడిగావు. ఇప్పుడు కథల వర్క్‌షాపులకు వెళ్ళొచ్చిన ప్రతివాళ్ళూ ఇదే అడుగుతున్నారు. అసలు ఎపిఫనీ అంటే జనవరి 6న క్రైస్తవుల పండుగ. తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రాన్ని చూసుకుంటూ బిడ్డను వెతుక్కుంటూ వచ్చిన సందర్భం. వాళ్ళు అంత దూరం నడిచొచ్చారు. కథ నడవకుండా చివరి పేజీలో నక్షత్రాన్ని వేలాడదీయమని నేర్పుతున్నారు మీకు. మీ బాపమ్మ ఇన్నేళ్ళు నడిచింది. ఆ ఏళ్ళు కథలో ఎక్కడున్నాయి? ఆ పొలం గట్టు మీద ఆమె ఏటేటా ఏం చూసింది, మరిది ఇంటి పెళ్ళిళ్ళలో ఏ పని చేసింది, ఏదీ రాయలేదు.

నీ ప్రతి తిరిగి పంపుతున్నాను. ఎర్ర సిరా గీతలన్నీ నావే. నాలుగో పేజీలో బాపమ్మ మాట దగ్గర మాత్రం పెన్ను పెట్టలేదు. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఆమె పక్కన కూర్చుని, మరిది ఇంటికి మళ్ళీ ఎప్పుడైనా వెళ్ళిందేమో అడుగు. ఏమందో నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ మాష్టారు