గోటీల సెట్టు కొనే ముందు, అల్లుడా

అల్లుడా,

దీవెనలు. నువ్వు పట్నంల నౌకరి ఇడిసిపెట్టి కొండమల్లేపల్లిల ట్రాక్టర్ల రిపేరు షాపు పెడుతున్నవని మీ అమ్మ ఫోన్ల చెప్పుకుంట ఏడ్సింది. నేనైతే నవ్విన. మన ఇంట్ల నా తర్వాత పానా పట్టేటోడు లేడనుకున్న. ఫోను పెట్టినంక నాకు గూడ రాత్రంత నిద్ర పట్టలేదు, గది వేరే సంగతి.

షటరు కిరాయి, కరెంటు మీటరు, బోర్డు, ఇవన్ని నీకు తెల్సినయే. షాపు ముందట మొరం పోయించు, లేకుంటే వానకాలం బండ్లు దిగబడ్తయి. గంతే. నేను కాయితం పట్టింది వేరే దానికి. వెనుక బటన్ వత్తితే గోటీ (బోల్టు తలకాయకు తొడిగే సాకెట్టు) ఊడొచ్చే రాచెట్టు (గోటీని తిప్పే, ఒక్క దిక్కే పట్టుకునే పిడి) కొంటున్నవట గదా. దాని గురించి నాలుగు మాటలు చెప్పకుంటే నాకు మనసున పట్టదు.

మంచిదే, వద్దనను. రాచెట్టు నలుపలకల మొన మీద చిన్న గుండు ఉంటది. అది గోటీ లోపలి గాడిల కూసుండి పట్టుకుంటది. మొన నడుమల నుంచి ఒక పుల్ల ఉంటది. బటన్ వత్తితే ఆ పుల్ల జరిగి, దాని మీది పల్లం గుండుకు ఎదురుగ వస్తది, గుండు లోపలికి పోతది, గోటీ ఊడుతది. నేను పని నేర్సుకునేటప్పుడు బటన్ లేదు. చేతులకు ఆయిలు, గోటీ బిర్రుగ పట్టుకుంటే పక్కడ్ తోటి గుంజుడు, ఒక్కసారి ఊడొచ్చి చెయ్యి పోయి రేడియేటర్‌కు తగులుడు. నా కుడిచేతి గెనుపుల మీద మచ్చలు చిన్నప్పుడు లెక్కపెడ్తుంటివి, అవన్ని గట్ల అయినయే.

భయం ఎక్కడంటే, ఆ బటన్ ఉండేది రాచెట్టు తలకాయ వెనుక, సరిగ్గ నడుమల. తుప్పు పట్టిన బోల్టు మీద గోటీ జారుతుంటే మనం ఏం చేస్తం? ఎడమ అరచేతితోటి తలకాయను అదిమిపట్టి కుడిచేతితోటి తిప్పుతం. అరచెయ్యి ఎక్కడ పడ్తది? బటన్ మీదనే.

నేను మిర్యాలగూడ దిక్కు ఒక షెడ్ల పనిచేసేటప్పుడు నాతోటి ఒక పిలగాడు ఉండె. పేరు రాయను, ఇప్పుడు మనుమలున్న మనిషి. చేతులు మంచియి, ఓపిక తక్కువ. దమ్ములు కొట్టే రోజులు, సాగర్ ఎడమ కాలువకు నీళ్లొచ్చినయి, ట్రాక్టర్లు వరుసకట్టి నిలబడ్డయి. ఒక రైతు బండికి స్టార్టరు పట్టుతలేదు. పిలగాడు స్టార్టరు దింపిండు. దాని పైన ఇంకో బోల్టు లూజున్నది, బిగిద్దామని కురచ గోటీ రాచెట్టుకు నేరుగ పెట్టి, సందుల చెయ్యి దూర్చి అదిమిండు. ఆ రాచెట్టు అప్పుడే కొత్తగ కొన్నది, బటన్‌ది. గోటీ ఊడింది. కింద స్టార్టరు దింపిన బొంద తెరుసుకోనే ఉన్నది. చప్పుడు మేమందరం ఇన్నం. వాడు కింద బురదల పడ్డదనుకున్నడు. రెండు నిమిషాలు దేవులాడిండు, రైతు పక్కన నిలబడి తొందర పెడుతుండు, వాడు నా పెట్టెల నుంచి ఇంకో 17 నంబర్ది తీస్కపోయి పని పూర్తి చేసిండు. స్టార్టరు ఎక్కిచ్చి తాళం తిప్పమన్నడు.

ఆ చప్పుడు రాయడానికి నాకు మాటలు లేవు. గోటీ పోయి ఫ్లైవీలు (ఇంజను వెనుక తిరిగే పెద్ద చక్రం) చుట్టున్న రింగు పండ్లకు, దాని మీది డొప్ప, అంటే హౌజింగుకు నడుమ పడ్డది. రింగు పండ్లు ఇరిగినయి, హౌజింగు పగిలింది. వాడు అప్పుడు బండి కింద ముఖం పెట్టి చూస్తుండె! ఇనుప ముక్క ఒక్కటి బయటికి ఎగిరొచ్చినా కన్ను పోతుండె. నాకు ఇప్పటికీ కలల వచ్చేది గదే, బండి ఖర్చు గాదు.

ట్రాక్టరును నడుమలకు ఇప్పి ఇంజను, గేరుబాక్సు వేరు చేసినం. రింగును మంటల కాల్చి ఎక్కిచ్చినం. హౌజింగు దొరికేసరికి ఆ రైతు కిరాయి బండితోటి దమ్ము కొట్టిచ్చుకున్నడు. మళ్ల మా షెడ్డు తొక్కలేదు. ఉస్తాద్ పిలగాన్ని కొట్టలేదు. “గోటీలు లెక్క పెట్టినవార?” అని ఒక్క మాట అడిగి చాయ్ తాగవోయిండు. వాడు అక్కడ్నే కూలవడి ఏడ్సిండు.

అందుకే చెప్తున్న, పెట్టెల ఒక్కో గోటీకి ఒక్కో గుంట ఉంటది, ఒక్క గుంట ఖాళీగ ఉన్నా తాళం తిప్పనియ్యకు. రైతు తిట్టనీ, సర్పంచ్ తిట్టనీ. మాగ్నెట్ పుల్ల ఒకటి కొను. సందుల పనికి అరచెయ్యి గాదు, రెండు వేళ్లు తలకాయ అంచుల మీద పెట్టి పట్టు. రాచెట్టుకు, గోటీకి నడుమ ఎక్స్‌టెన్షన్ రాడ్డు వేసినవనుకో, బటన్‌తోటి ఊడేది ఎక్స్‌టెన్షనే, చివరి గోటీ గాదు. అది గట్టిగ కూసున్నదో లేదో వేరేగ చూసుకోవాలె.

కొనుడు సికింద్రాబాద్ రాణిగంజ్‌లనే కొను. పోయేటప్పుడు నీ దగ్గరున్న పాత గోటీలు సంచిల ఏస్కపో. కొన్నిట్ల లోపల గాడి అరిగి ఉంటది, కొన్నిట్ల ఉండనే ఉండది, గుండు దేన్ని పట్టుకోవాలె? పెట్టి కిందికి గుంజి చూడు, రావొద్దు. బటన్ వత్తితే అరచేతిల పడాలె. 72 పండ్ల రాచెట్టు 5 డిగ్రీలకే పట్టుకుంటదని షాపాయన ఊరిస్తడు, 24 పండ్లదైతే 15 డిగ్రీలు తిప్పాలె. కేజీవీల్స్ (దమ్ముకు ఎక్కిచ్చే ఇనుప చక్రాలు) బురదల పనికి నాకు మాత్రం ఆ 24 పెద్ద పండ్లదే ఇష్టం. దేంతోటైనా గట్టి బోల్టు మొదలు ఇప్పకు, దానికి పొడుగు బార్ ఉన్నది. బటన్ రాచెట్టు మొన నడుమ బోలుగ ఉంటదని మరువకు, పైపు తొడిగి తిప్పితే ఇరుగుతది. గుండు బురదకు పట్టేస్తే డీజిల్ల కడిగి పల్చటి ఆయిలు ఒక చుక్క వెయ్యి. గ్రీజు పెట్టకు.

ఇంకొకటి. మా పెద్దోడు ఫోన్ల చదివి చెప్పిండు, ఈ బటన్‌ది చేసింది అమెరికాల పీటర్ రాబర్ట్స్ అని సియర్స్ దుకాణంల పనిచేసే 18 ఏండ్ల పిలగాడట. 1965ల కంపెనీ కాయితం రాయించుకున్నది, ఒక్కోదానికి 2 సెంట్లు, మొత్తం 10,000 డాలర్లు మించకుండ. పెద్దగ ఏం అమ్ముడుపోదని నమ్మిచ్చిండ్రట. తర్వాత లక్షలల్ల అమ్ముడువోయింది. ఏండ్లకేండ్లు కోర్టుల చుట్టు తిరిగితే 1970లల్ల గాని జ్యూరీ అది మోసమనలేదు. నీ షాపుల సగం పెట్టుబడి పెడ్తనన్నాయన కాయితం సిద్ధం చేసిండని మీ అమ్మ అన్నది. పని మొత్తం నీదే, పేరు మాత్రం ఆయనదెందుకు? ఆ కాయితం ఫోటో తీసి పంపు. నేను, మీ అత్త తమ్ముడు చూసినంకనే సంతకం పెట్టు. వకీలు ఫీజు నేనిస్త.

మీ మామ